హారన్ లేని బండి

నా మొదటి స్పోర్ట్ బండిని ఇచ్చేసి సూపర్‌మోటో తెచ్చుకున్న రోజు సోలాపూర్‌లో మా నీలం నగర్ గల్లీ అంతా నవ్వింది. నవ్వరా మరి! టెంపోలోంచి దించిన ఆ బండికి ముందు లైటు లేదు, వెనక లైటు లేదు, అద్దాల్లేవు, నంబరు ప్లేటు లేదు. సీటు నా నడుం దాకా ఉంది. మట్టిలో పందేలకు చేసిన బండికి నున్నటి రబ్బరు టైర్లు వేసి, చిన్న చిన్న తారు ట్రాకుల మీద తిప్పడానికి తయారు చేస్తారు దాన్ని. రోడ్డెక్కించడానికి పనికిరాదు, ఎక్కిస్తే పోలీసు పట్టుకుంటాడు. ఎదురింటి ముసలాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అరే, దీనికి హారన్ ఏదిరా? మందిని ఎట్ల పక్కకు జరుపుతవ్? నోటితో ఒర్రుకుంట పోతవా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

నా భార్య గడపలో నిలబడి చూస్తోంది. ఆమె నవ్వలేదు.

"ఎనక సీటేది?" అని అడిగింది.

"ఉండదు దీనికి."

"అంటె ఎవ్వర్నీ ఎక్కించుకోవన్నట్టు."

"ఎవ్వర్నీ ఎక్కించుకోను."

అప్పుడు నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలుసు. "నా చెయ్యి పాయె, నీకు కొత్త బండి వచ్చె. మస్తుగున్నది" అని లోపలికి వెళ్ళిపోయింది. పక్కనున్నవాళ్ళు చూపులు తిప్పుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఈ బండి ఎందుకు తెచ్చానో అందరికీ ఒక కారణం చెప్పాను, దెబ్బ తగిలాక రోడ్డంటే భయం పట్టుకుందని. అసలు కారణం ఇంకొకటి ఉంది, అది ఎవ్వరికీ చెప్పలేదు. ఆమెకు కూడా చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది ముందు ఆమెకే. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను, ఇక దాచి సాధించేది ఏమీ లేదు కాబట్టి.

నేను దాజీ పేట్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డులో జాబర్‌ని. మగ్గం చెడితే బాగు చేసేవాణ్ణి మా దగ్గర జాబర్ అంటారు. టవళ్ళు, చద్దర్లు నేసే మగ్గాలు, పక్కపక్కనే, రేకుల కప్పు కింద. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందో బయటివాళ్ళకు చెప్పలేను. లోపల మనిషికి మనిషి మాట వినపడదు. పెదాలు చూసి మాట్లాడుకుంటాం, చేతులతో సైగ చేసుకుంటాం. పదేళ్ళు పనిచేసినవాడు ఎవడైనా సరే, ఎంత దూరం నుంచైనా పెదాలు చదివేస్తాడు. ఎవరి సంసారంలో ఏం జరిగిందో ఒక మూల నుంచి ఇంకో మూలకు ఒక్క శబ్దం లేకుండా చేరిపోతుంది.

నాకు పని నేర్పింది మా నాయన. మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "ఎనక నుంచి ఎవ్వడు పిలిచినా తల తిప్పకు. వీపు మీద గుద్దినా తిప్పకు. అవసరమున్నోడు తిరిగి ముందలికొస్తడు." ఎందుకంటే నాడె ఎగురుతుంది. పోగు మోసుకుంటూ మగ్గంలో ఇటు నుంచి అటు పరిగెత్తే ఆ మొనదేలిన చెక్క ముక్క ఒక్కోసారి దారి తప్పి బయటికి దూసుకొస్తుంది. చూపు పక్కకు పోయిన ఆ ఒక్క క్షణంలోనే కళ్ళు పోయినవాళ్ళున్నారు మాలో. అందుకని మా షెడ్డుల్లో వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేవాడు ఉండడు. అది పొగరు కాదు, పని. మా నాయన తిరిగి చూడలేదు, నేనూ తిరిగి చూడను. ఇరవై ఏళ్ళ పనిలో అది ఒంట్లోకి ఇంకిపోయింది.

చెవుల సంగతి తర్వాత వచ్చింది. మొదట కుక్కర్ విజిల్ వినపడటం మానేసింది. తర్వాత ఫోను. చప్పుడు లేని చోట కూర్చున్నా నా చెవుల్లో మగ్గం ఆడుతూనే ఉండేది, పడుకున్నా ఆడేది. మగ్గం పనివాళ్ళలో చెవులు మందగించడం కొత్తేం కాదు, మాలో మేమే దాని మీద జోకులేసుకుంటాం. కానీ జాబర్ వేరు. మంచి జాబర్ షెడ్డు గుమ్మంలో నిలబడి, ఆ మోతలో తేడా పట్టి, ఫలానా మగ్గానికి ఫలానా జబ్బు అని చెప్పాలి. చెవి లేని జాబర్‌ని ఏ సేఠ్ ఉంచుకుంటాడు? నాకు భయం పట్టుకుంది. ఎవరికీ తెలియకుండా ఒక్కో మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురును బట్టి జబ్బు కనిపెట్టడం నేర్చుకున్నాను. సేఠ్ చూసి, "నీ చెయ్యి డాక్టర్ చెయ్యిరా" అని మెచ్చుకున్నాడు. నా మొహం! లోపల చచ్చిపోతున్నాను.

ఇంట్లో ఎట్లా దాచావని అడగొచ్చు. మా ఇళ్ళల్లో అందరూ అరిచే మాట్లాడతారు. టీవీ గోడలు అదిరేట్టు పెడతారు. నా భార్య బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తల వంచుకుని ఏదో చెప్తూ ఉండేది. నేను "ఊఁ" అనేవాణ్ణి. కొన్నిసార్లు తప్పు చోట "ఊఁ" అనేవాణ్ణి. "నా మాట ఎప్పుడన్న ఇన్నవా నువ్వు?" అని విసుక్కునేది. అలా అనుకుంటేనే నాకు నయం అనిపించేది.

అట్లాంటి రోజుల్లో కొన్నాను ఆ స్పోర్ట్ బండి. పాతదే, కానీ నాకు మొదటిది. నిండా ఎర్రటి ప్లాస్టిక్ కవచం, కిందికి వంగిన హ్యాండిల్, గాలికి వంగి కూర్చునే సీటు. చిన్నప్పట్నుంచీ ఉన్న పిచ్చి. అక్కల్‌కోట్ రోడ్డు మీద గేరు మార్చి వేగం పెంచగానే చెవుల్లో మగ్గం ఆగిపోయేది. గాలి దాన్ని మింగేసేదో ఏమో. ఇంజను నాకు అరచేతుల్లో, మోకాళ్ళ మధ్య తెలిసేది, మగ్గం తెలిసినట్టే. రోజంతటిలో ఆ పావుగంటే నేను మనిషిని.

ఆమెను వెనక ఎక్కించుకునేవాణ్ణి. పొద్దున్నే షెడ్డుకు పోతూ, చుట్టిన బీడీ కట్టల సంచితో ఆమెను బీడీ కార్ఖానా దగ్గర దింపేవాణ్ణి. వెనక సీటు ఎత్తు, ఆమె తిట్టుకుంటూ ఎక్కేది. ఎక్కాక ఒక చేత్తో నా భుజం గట్టిగా పట్టుకునేది. ఇంట్లో మేం అంత దగ్గరగా కూర్చున్నది ఎప్పుడు? ఆ చెయ్యి నా భుజం మీద ఉండటం నాకు ఇష్టం. చెప్పుకోవడానికి సిగ్గుపడేంత ఇష్టం.

ఆ రోజు చెరకు సీజను. ఫ్యాక్టరీలో చెరకు దింపేసి ఖాళీ ట్రాలీలతో వచ్చే ట్రాక్టర్లు మా రోడ్డు మీద ఎట్లా పోతాయో సోలాపూర్‌లో అందరికీ తెలుసు. పెద్ద పెద్ద స్పీకరు బాక్సులు కట్టి పాటలు మోగిస్తూ, ట్రాలీలు గడగడలాడిస్తూ వస్తారు. చెవిటివాడికి కూడా వినపడుతుంది అంటారు. వినపడదు.

కుడివైపు తిరగాలి నేను. అద్దంలో చూశాను. స్పోర్ట్ బండి అద్దాల్లో మన మోచేతులే కనపడతాయి. వెనక ఆమె నా వీపు మీద గుద్దింది. మళ్ళీ గుద్దింది. ఏదో అరుస్తోందని వీపుకు తెలిసింది, ఆమె ఛాతీ అదిరింది. నేను తల తిప్పలేదు. ఎదురుగా ఉన్న సందు మీదే చూపు పెట్టి బండి తిప్పాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మెడ తిప్పి ఉంటే చాలు. నా పక్క నుంచి దాటబోతున్న ట్రాక్టర్ వెనక చక్రానికి తగిలింది. ఇద్దరం పడ్డాం. నాకు మోకాలు గీరుకుపోయింది, అంతే. ఆమె కుడి చెయ్యి బండికీ రోడ్డుకూ మధ్య పడి నలిగిపోయింది.

చూపుడువేలు, నడిమివేలు మళ్ళీ వంగలేదు. డాక్టర్ కట్లు విప్పిన రోజు ఆమె ఇంటికొచ్చి, చాట ఒళ్ళో పెట్టుకుని, ఒక ఆకు తీసుకుని, తంబాకు పోసి చుట్టబోయింది. ఆకు విచ్చుకుపోయింది. ఇంకో ఆకు తీసింది. అది కూడా విచ్చుకుపోయింది. పదేళ్ళప్పట్నుంచి చుట్టిన చేతులవి, టీవీ చూస్తూ చుట్టేవి, గొడవ పడుతూ చుట్టేవి. సాయంత్రం దాకా అట్లాగే కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను, లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు.

అందరితో నేను చెప్పింది ఒకటే: ట్రాక్టర్ వాడు హారన్ కొట్టలేదు. ఆమె ఒకేఒక్కసారి నా మాటకు అడ్డొచ్చింది. "కొట్టిండు. మస్తు కొట్టిండు. నేను గూడ ఒర్రిన, వీపు మీద గుద్దిన. నా మాట ఇనే మనిషైతె గద." చుట్టాలు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. మొండివాడు అనుకున్నారు. సరే, అనుకోనీ. చెవిటివాడు అనిపించుకోవడం కంటే నయం, ఉద్యోగమైనా ఉంటుంది, అనుకున్నాను. ఎంత దిక్కుమాలిన లెక్క అది! ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మెల్లగా ఆమె మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఎడమ చేత్తో అన్నం కలపడం నేర్చుకుంది. తువ్వాళ్ళ అంచులు కుట్టే పని తెచ్చుకుంది, మెల్లగా కుట్టేది. ఒక రోజు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "పోనీ తియ్, నీ గుణమే గంత. మా నాయన గూడ గట్లనే ఉండె" అంది. ఆ మాట విన్నాక, అంటే ఆమె పెదాల మీద చదివాక, నాకు ఏడుపొచ్చింది. చెయ్యని తప్పుకు క్షమించింది. చేసిన తప్పు అట్లాగే ఉండిపోయింది.

స్పోర్ట్ బండి బాగు చేయించాను గానీ రోడ్డు మీదికి తీయలేదు. షెడ్డుకు నడిచి పోయేవాణ్ణి. అమ్మేసి ఊరుకోవాల్సింది. బుద్ధి ఉన్నవాడైతే అదే చేస్తాడు. కానీ చెవుల్లో మగ్గం రోజురోజుకూ పెరిగిపోతోంది, బండి మీద తప్ప అది ఆగదు. పూణె దారిలో ఒకాయన పాత గోదాం స్థలంలో చిన్న తారు ట్రాకు వేయించాడని, ఆయన దగ్గర ఒక సూపర్‌మోటో ఉందని, కాగితాలున్న రోడ్డు బండి దొరికితే బండికి బండి మార్చుకుంటాడని తెలిసింది. వెళ్ళి చూశాను. ట్రాకు మీద అందరూ ఒకే వైపు పోతారు. ఎదురు రారు, ట్రాక్టర్ రాదు, ఎవరూ హారన్ కొట్టరు. వెనక సీటు లేదు. పడితే నేనే పడతాను. ఆ క్షణంలోనే సరేనన్నాను.

బండి మాత్రం నాకు చాలా నచ్చింది, అది కూడా ఒప్పుకోవాలి. నిటారుగా కూర్చోవాలి, మలుపులో కాలు ముందుకు చాపాలి, వెనక చక్రం జారుతుంటే వెడల్పాటి హ్యాండిల్‌తో దాన్ని పట్టుకోవాలి. స్పోర్ట్ బండి మీద నేర్చుకున్నదంతా మర్చిపోవాలి. మొదటి రోజే రెండుసార్లు పడ్డాను. పైకి లేచి నవ్వుకున్నాను. ఆమె ఇంట్లో ఎడమ చేత్తో సూది పట్టుకుని కూర్చుందని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ట్రాకుకు పోవడం మొదలుపెట్టి చాలా వారాలయ్యాక ఒక సెలవు రోజు ఆమె, "నేను గూడ వస్త. ఏమున్నదో ఆడ చూస్త" అంది. వద్దనలేకపోయాను. చద్దర్ల బేళ్ళు మోసే తెలిసినవాడి టెంపోలో బండి కట్టుకుని బయల్దేరాం.

కంచె పక్కన రేకుల నీడలో ఆమెను కూర్చోబెట్టారు. చిన్న ట్రాకు అది, జెండాలు పట్టుకుని నిలబడే మనుషుల్లేరు. ఎవరైనా పడితే ట్రాకు ఆయన పెద్ద సైరన్ మోగిస్తాడు, అందరూ ఆగిపోవాలి. ఇన్ని వారాల్లో అది మోగినప్పుడల్లా నేను ముందువాళ్ళు ఆగడం చూసి ఆగాను. ఆ రోజు నా ముందు ఎవరూ లేరు. అందరినీ దాటేశాను. ఒళ్ళు తెలియనంత ఆనందంలో ఉన్నాను.

టైర్లు పేర్చిన గుడ్డి మలుపు ఒకటుంది. కాలు చాపి తిప్పాను. ఎదురుగా తారు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, హెల్మెట్ తీసి, కాలు పట్టుకుని. అతని బండి పక్కన పడి ఉంది. అతని కళ్ళు నాకు కనపడ్డాయి. అతనికీ టైర్లకూ మధ్య ఉన్న సందులోంచి ఎట్లా పోయానో నాకు తెలియదు. నా బూటు అతని భుజానికి రాసుకుంది. అతను బతికాడు, దెబ్బ కూడా తగల్లేదు. బండి ఆపి దిగాను.

ట్రాకు ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. "ఐకూ యేత్ నాహీ కా తులా? సైరన్ కొడుతుంటె వినపడదా నీకు?" సగం మరాఠీ, సగం హిందీ, సగం బూతులు. హెల్మెట్ ఉంది, ఇంజను మోత, అన్నాను. మిగిలినవాళ్ళందరికీ హెల్మెట్లే, అందరికీ ఇంజన్లే. అందరూ ఆగారు. ఆయన కాలరు వదిలి ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

నేను రేకుల నీడలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి, కుళాయి కింద తల పెట్టాను. ఎంతసేపో. తల ఎత్తి తిరిగితే అందరూ నా వైపే చూస్తున్నారు. కొందరు ఇంకా చెవులు మూసుకునే ఉన్నారు. ట్రాకు ఆయన సైరన్ బటన్ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. నా తల మీదే, గోడకు బిగించి ఉంది ఆ సైరన్. మోగుతూనే ఉందట. ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచి నన్నే చూస్తోంది. ఆమెకు అంతా తెలిసిపోయింది.

బండిని టెంపోలో ఎక్కించాం. డ్రైవర్ ముందు కూర్చున్నాడు, మేమిద్దరం వెనక బండి పక్కన ఎదురెదురుగా కూర్చున్నాం. టెంపో హైవే ఎక్కాక అడిగింది.

"ఎప్పటి సంది?"

"మూడేండ్లు."

ఆమె ఎడమ చేతి వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. "అంటె ఎర్ర బండి కొననప్పటి సంది."

"అవు. ముందలి నుంచే."

"మల్ల ఎందుకు చెప్పలే?"

"సేఠ్‌కు ఎరుకైతె పని పోతది."

"నేను సేఠ్‌నా?"

ఈ సంగతి ఆమెకు చెప్పడం నేను ఎన్నోసార్లు మనసులో ఊహించుకున్నాను. ప్రతిసారీ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకునేది. పాపం, వినపడకనే కదా తిరిగి చూడలేదు అనేది. నా తప్పు తేలికైపోయేది. ఎంత మంచిగా అల్లుకున్నానో ఆ కథ.

"నువ్వు మొండోడివి అనుకున్న" అంది. "పెండ్లాం మాట ఇననోడు అనుకున్న. గసుంటోళ్ళు ఇంటింటికి ఒకడుంటడు. నా కర్మ అని సర్దుకున్న. నీకు ఇనవడదని నీకు ఎరుకనే. ఎరుకుండి, రోజు పొద్దుగాల నన్ను ఎనక ఎక్కించుకున్నవ్."

"నువ్వు కూసుంటె మంచిగుండె" అన్నాను. నిజం అదే. అంతకంటే దిక్కుమాలిన మాట ఏ మగాడూ అని ఉండడు.

ఆమె కుడి చేతిని ఎడమ చేతిలోకి తీసుకుని చూసుకుంది. "ఒక్క మాట చెప్పుంటె నేనెక్కకపోతుంటి. గంతే గద. నడిసి పోతుంటి."

ఆ తర్వాత ముఖం రోడ్డు వైపుకు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి, మెడ కదులుతోంది. ఇంకా ఏదో మాట్లాడుతోందని తెలుస్తూనే ఉంది. సోలాపూర్ చేరేదాకా మాట్లాడుతూనే ఉంది, ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఏమందో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేకపోయింది.